గుల్మార్గ్‌లో కొత్త మంచు: చికిటి నుంచి వెళ్లొచ్చినవాళ్ల మాట



పోయిన సమావేశంలో ఈ చలికాలం మనవాళ్లంతా కలిసి కశ్మీర్ వెళ్దామన్న మాట వచ్చింది కదా. అప్పటినుంచి మా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మంచు ఎప్పుడు పడుతుంది, ఏ తేదీకి టికెట్లు తియ్యాలి, పిల్లలు స్కీయింగ్ చెయ్యగలరా, పెద్దవాళ్లు ఆ చలికి ఆగగలరా అని. 2024 ఫిబ్రవరిలో చికిటి నుంచి నాలుగు కుటుంబాలవాళ్లం, మొత్తం 11 మందిమి, గుల్మార్గ్ వెళ్లొచ్చాం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడే రాసేస్తున్నాం. పోస్టు పొడుగైంది. తీరిక చూసుకుని చదవండి. వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం మధ్యలో వదిలెయ్యకండి.

ముందు మంచు గురించి. మన తెలుగులో 'మంచు' అనే ఒక్క మాటతో చాలా పనులు నడిపేస్తాం. మార్గశిరంలో తెల్లారకముందు బాహుదా గట్టున కమ్ముకునేదీ మంచే. వరి వెన్నుల మీద చుక్కలుగా నిలిచేదీ మంచే. హిమాలయాల మీద ఉండేదీ మంచే. పక్కింటి ఒడియావాళ్లు మొదటిదాన్ని కుహుడి అంటారు, రెండోదాన్ని కాకర అంటారు, మూడోదాన్ని బరఫ్ అంటారు. మనం అన్నిటికీ ఒకే పేరు పెట్టేశాం గనక, డిసెంబరు రాగానే 'దారింగ్‌బాడిలో మంచు పడింది' అన్న వీడియో ఒకటి గ్రూపుల్లో తిరగడం, పిల్లలు బండి తియ్యమని గొడవ పెట్టడం ఏటేటా జరిగేదే.

దారింగ్‌బాడి మంచి చోటే. కంధమాల్ జిల్లాలో సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. గట్టి చలి ఉన్న రోజున తెల్లవారుజామున అక్కడి గడ్డి మీద తెల్లటి పొర కడుతుంది. ఆ పొర ఆకాశం నుంచి పడింది కాదు. రాత్రి నేల బాగా చల్లబడి, గాలిలో ఉన్న తేమ గడ్డిమీదే గడ్డకడితే వచ్చింది. ఎండ తగిలిన అరగంటకి ఉండదు. అటు మన్యంలో లంబసింగిదీ ఇదే సంగతి. కాలు వేస్తే మోకాలి దాకా దిగిపోయే మంచు కావాలంటే మాత్రం హిమాలయాలకి వెళ్లాల్సిందే.

సరే, హిమాలయాలకి వెళ్తే మంచు దొరుకుతుందా? మా బంధువుల బ్యాచ్ ఒకటి అదే 2024 జనవరిలో, సంక్రాంతి సెలవులకి గుల్మార్గ్ వెళ్లింది. కశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి 40 రోజులని 'చిల్లై కలాన్' అంటారు. ఏడాదిలో అన్నిటికంటే గట్టి చలి రోజులవి. ఎవరి లెక్క ప్రకారం చూసినా మంచు ఉండాల్సిన రోజులు. కానీ ఆ ఏడు జనవరి చాలావరకు పొడిగా పోయింది. తెల్లగా ఉండాల్సిన గుల్మార్గ్ మైదానం గోధుమరంగులో ఉన్న ఫొటోలు పేపర్లలో కూడా వచ్చాయి. మా పిన్ని అద్దెకి తీసుకున్న గమ్‌బూట్లు, దళసరి కోటు వేసుకుని ఎండుగడ్డి మీద నిలబడిన ఫొటో పంపింది. అది చూసి మా ఇంట్లో పెద్దమ్మ, "ఇదేటి, కోతలైపోయిన మన పొలంలాగుంది" అంది. అందరం నవ్వుకున్నాం.

అక్కడివాళ్లకి మాత్రం అది నవ్వులాట కాదని తర్వాత వెళ్లాక తెలిసింది. చలికాలంలో కొండల మీద పడి నిలిచిన మంచే వసంతంలో కరిగి కాలవల్లోకి వస్తుంది. వాళ్ల వరి మళ్లకి, ఆపిల్ తోటలకి, తాగడానికి అదే నీరు. మనకి ఆషాఢం వచ్చినా చినుకు పడకపోతే ఎలా ఉంటుందో, వాళ్లకి చిల్లై కలాన్‌లో మంచు పడకపోతే అలా ఉంటుంది. అందుకే కొత్త మంచు పడిన రోజున ఒకరికొకరు 'నౌ షీన్ ముబారక్' అని శుభాకాంక్షలు చెప్పుకుంటారు. షీన్ అంటే వాళ్ల భాషలో మంచు.

మంచు ఎందుకు రాలేదంటే, అది తేదీ చూసుకుని వచ్చేది కాదు గనక. మనకి తుఫాను బంగాళాఖాతంలో పుడుతుంది. వాళ్ల మంచు పడమటినుంచి, మధ్యధరా సముద్రం వైపు నుంచి బయల్దేరి ఇరాన్, అఫ్గానిస్తాన్ల మీదుగా వస్తుంది. వాతావరణశాఖవాళ్లు దీన్ని వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు. ఒక్కొక్కటి వచ్చి రెండుమూడు రోజులు మంచు కురిపించి పోతుంది. తర్వాతది వారానికి రావచ్చు, మూడు వారాలకీ రాకపోవచ్చు. నాలుగైదు రోజుల ముందు అయితే వాతావరణశాఖ బాగానే చెప్పగలదు. నెల ముందు ఎవరూ చెప్పలేరు. ప్రభుత్వమే దీని ముందు తలవంచింది. గుల్మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ 2025లో మంచు చాలక వాయిదా పడి, మార్చి 9 నుంచి 12 వరకు జరిగాయి.

మేము ఫిబ్రవరిలో వెళ్లడం వెనక పెద్ద తెలివితేటలేమీ లేవు. పెద్దమ్మకి సంక్రాంతి ముందు కంటి ఆపరేషన్ అయింది. డాక్టరుగారు కొన్ని వారాలు ప్రయాణం వద్దన్నారు. ఆ లోపల, జనవరి ఆఖరి రోజుల్లో కశ్మీర్‌లో మంచు మొదలైంది. డాక్టరుగారు సరేననగానే ఫిబ్రవరి మొదటి వారానికి టికెట్లు తీశాం. బరంపురంలో రైలెక్కి భువనేశ్వర్, అక్కడినుంచి విమానంలో ఢిల్లీ మీదుగా శ్రీనగర్. అక్కడినుంచి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. తంగ్‌మార్గ్ దాకా మామూలు బండి వెళ్తుంది. మంచు పడిన రోజుల్లో ఆ పైన 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డుకి చక్రాలకి గొలుసులు కట్టిన బండి కావాలి.

మాకు దొరికిన డ్రైవరు తంగ్‌మార్గ్ పక్క పల్లెటూరివాడు. చలికాలంలో స్కీయింగ్ గైడుగా కూడా పనిచేస్తాడు. యాభై ఏళ్లుంటాయి. దారి పొడుగునా మా మావయ్యతో హిందీలో కబుర్లే. జనవరి మొత్తం ఇంట్లో కూర్చున్నానని, కొడుకు కాలేజీ ఫీజుకి అప్పు చేశానని, ఈ మంచు ఇంకో వారం ఆలస్యమైతే బండి అమ్ముకునేవాణ్ణని చెప్పాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ముందు ముందు దీనితో పనుంది.

గుల్మార్గ్ చేరేసరికి మంచు పడుతూ ఉంది. గుల్మార్గ్ ఎత్తే సుమారు 8,700 అడుగులు. పెద్దమ్మ బండి దిగి, చేతి తొడుగు తీసి, ఒక పిడికెడు పట్టుకుని చూసింది. "ఉప్పులాగుంది బాబూ" అంది. నిజమే. హుమ్మాలో ఉప్పు మడుల పక్కన కుప్పలు పోస్తారు చూడండి, అచ్చం అలాగే పొడిపొడిగా, వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. పిల్లలు ఉండ చేసి విసురుకుందామని చూశారు. ఉండ కట్టలేదు. గైడు నవ్వి, ఉండ కట్టని మంచే అసలైన మంచు అన్నాడు. స్కీయింగ్ చేసేవాళ్లు దాన్నే పౌడర్ అంటారు. దానికోసమే రష్యా నుంచి, పోలండ్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి కూడా గుల్మార్గ్ వస్తారట.

అందులో కిటుకు ఇంతే. బాగా చల్లగా ఉన్నప్పుడు పడే మంచులో తడి తక్కువ, గాలి ఎక్కువ. ఒక గిన్నెలో 10 సెంటీమీటర్ల ఎత్తు కొత్త మంచు పట్టి కరిగిస్తే సుమారు 1 సెంటీమీటరు నీరు వస్తుంది. మిగతాదంతా గాలే. మంచు రేకుల కొసలు ఒకదానికొకటి తగిలీ తగలకుండా నిలుచుంటాయి. అందుకే దానిమీద జారితే దూదిమీద తేలినట్టు ఉంటుందంటారు. కానీ ఆ సొగసు ఎంతోసేపు ఉండదు. గాలి కొడితే ఆ కొసలు విరిగి గట్టి పలకలాగా అతుక్కుంటాయి. ఎండ తగిలితే పైపొర కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టి, పొద్దునకి అద్దంలాగా జారుతుంది. మర్నాడు మధ్యాహ్నం మైదానంలో మా పిల్లలు చేసిన ఉండలు చక్కగా కట్టాయి. అంటే అప్పటికే అది పాత మంచు అయిపోయిందన్నమాట. కొత్త మంచు ఎక్కువసేపు నిలిచేది ఎండ తక్కువ తగిలే ఉత్తరపు వాలుల్లో, గాలి తగలని చెట్ల చాటున. దొరికే వేళ పొద్దున్నే. పదింటికి టీ తాగి బయల్దేరితే ఇతరులు తొక్కిన మంచే మిగులుతుంది.

గుల్మార్గ్ గొండోలా గురించి అందరూ అడుగుతున్నారు. రెండు దశలు. మొదటిది 1998లో మొదలైంది. గుల్మార్గ్ నుంచి కొంగ్‌డూరి దాకా, సుమారు 10,000 అడుగుల ఎత్తుకి తీసుకెళ్తుంది. రెండోది 2005లో వచ్చింది. అది అఫర్వట్ కొండ భుజం దాకా, సుమారు 13,000 అడుగుల దగ్గరికి ఎక్కిస్తుంది. మేము వెళ్లిన మర్నాడు గాలి వల్ల, కొత్త మంచు వల్ల రెండో దశ మూసేశారు. మొదటి దశ మాత్రం నడిచింది.

అసలు గొడవ ఇక్కడే. మా మేనల్లుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. అంతకుముందు రెండుసార్లు మనాలి దగ్గర స్కీయింగ్ నేర్చుకున్నాడు, పర్వాలేదు, బాగానే జారుతాడు. కొంగ్‌డూరిలో దిగి పైకి చూస్తే అఫర్వట్ వాలు మొత్తం ఒక్క గీత కూడా పడకుండా తెల్లగా ఉంది. రెండో గొండోలా లేకపోతేనేం, పక్కనుంచి కొంత దూరం నడిచి ఎక్కి ఆ వాలు మీంచి దిగుదామన్నాడు. గైడు వద్దన్నాడు. మామూలు రేటుకి రెట్టింపు ఇస్తానన్నాడు వీడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. మూడింతలన్నాడు. "ఆజ్ నహీఁ" అన్నాడాయన. ఈరోజు కాదు. అంతకుమించి ఒక్క మాట లేదు.

వాడి వాదనలో న్యాయం లేకపోలేదు. "మళ్లీ ఎప్పుడొస్తాం మావయ్యా? ఇన్ని లక్షలు పెట్టి ఇంత దూరం వచ్చాం. కళ్లముందు ఉంది. రేపటికి గాలి కొట్టేస్తే పోతుంది" అన్నాడు. మేమూ కాసేపు అటూ ఇటూ ఊగాం. కొందరం గైడుని ఇంకోసారి అడిగి చూద్దామన్నాం. అప్పుడు మావయ్య వాణ్ణి పక్కకి పిలిచి, "ఒరే బాబూ, ఆయన జనవరి అంతా పైసా లేకుండా కూర్చున్నాడు. అప్పులో ఉన్నాడు. నువ్వు మూడింతలిస్తానంటే వద్దంటున్నాడు. డబ్బు అవసరమున్నవాడు డబ్బు వద్దన్నాడంటే ఆ కొండ గురించి మనకి తెలియంది ఆయనకేదో తెలుసు" అన్నాడు. మేనల్లుడు మొహం ముడుచుకున్నాడు గానీ ఇంక మాట్లాడలేదు.

ఆ తెలిసిందేమిటో సాయంత్రం బసలో, ఫెరన్ లోపల కాంగ్రీ పెట్టుకుని, ఉప్పు టీ తాగుతూ ఆయనే విడమరిచి చెప్పాడు. కొండవాలు మీద మంచు పొరలు పొరలుగా ఉంటుంది. పలచగా పడిన పాత మంచు చాలా రోజులు చలికి ఎండితే లోపల పంచదార పలుకుల్లాగా విడివిడిగా అయిపోతుంది. దానిమీద ఒక్కసారిగా అడుగులకొద్దీ కొత్త మంచు పడితే పైపొరకి పట్టు ఉండదు. 30 నుంచి 45 డిగ్రీల వాలు అన్నిటికంటే చెడ్డది. స్కీయింగ్‌కి అందరూ ఇష్టపడేది కూడా ఆ వాలే. మంచు పడిన తర్వాత మొదటి 24 గంటలు ఎక్కువ ప్రమాదం. పౌడర్ బాగుండేదీ అప్పుడే. చాలాసార్లు మంచుచరియని కదిలించేది దానిమీద అడుగుపెట్టిన మనిషి బరువే. కింద కూరుకుపోతే పది పదిహేను నిమిషాల లోపల తియ్యాలి, ఆ తర్వాత ఆశ బాగా తగ్గిపోతుంది. అందుకే అటు వెళ్లేవాళ్ల ఒంటిమీద సంకేతాలు పంపే చిన్న పరికరం, సంచిలో పొడవాటి ఊచ, పార ఉండాలి. వాటిని వాడటం తెలిసిన తోడు ఉండాలి. మా దగ్గర ఏవీ లేవు.

మనం గంజాం జిల్లావాళ్లం. ఈ మాటలు మనకి కొత్తగా వినబడకూడదు. 1999 అక్టోబరు తుఫాను మన ఇళ్ల పెంకులు ఎగరగొట్టిన రాత్రి పెద్దవాళ్లకి గుర్తుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. అంతకు ముందే ఒడిశాలో సుమారు 10 లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకి తరలించారు. ఇల్లూ గొడ్డూ వదిలి రానని మొరాయించినవాళ్లని కూడా బతిమాలి, కసిరి తీసుకెళ్లారు. అంత పెద్ద తుఫానులో ప్రాణనష్టం అంత తక్కువగా ఉండటానికి అదే కారణం. గాలి ఆగినట్టే ఆగి, వెనక్కి తిరిగి కొడుతుందని మనకి తెలుసు. ఆ నిమ్మళం చూసి బయటికొచ్చిన కొత్తవాణ్ణి మనం లోపలికి లాగుతాం. కొండమీద ఆ కొత్తవాళ్లం మనమే.

మర్నాడు తెల్లారకముందే గైడు తలుపు కొట్టాడు. రాత్రి మళ్లీ జానెడు మంచు పడింది. మమ్మల్ని దేవదారు చెట్ల వెనక ఒక చదునైన మైదానానికి తీసుకెళ్లాడు. పైన కొండవాలేమీ లేదు. మైదానం కొంచెం ఏటవాలుగా మాత్రం ఉంది. ఒక్క అడుగు కూడా పడలేదు. చప్పుడు లేదు. కొత్త మంచు చప్పుడుని పీల్చేసుకుంటుందట, పక్కనున్నవాళ్ల మాట కూడా దూరం నుంచి వచ్చినట్టుంది. పెద్దమ్మ కర్ర ఊనుకుంటూ మోకాలి దాకా దిగబడి, నాలుగు అడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి తన అడుగులు చూసుకుంది. ఆపరేషన్ అయిన కంటితో చూసిన పెద్ద విశేషం అదేనని ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

పిల్లలకి గైడు స్కీయింగ్ మొదటి పాఠం చెప్పాడు. స్కీల ముందు కొసలు దగ్గరికి, మడమల వైపు దూరంగా పెట్టి ఆగడం. ఇంగ్లీషులో దాన్ని స్నో ప్లౌ, అంటే మంచు నాగలి అంటారు. "మన నాగలే కదా" అని మావయ్య కూడా కట్టుకుని నిలబడ్డాడు, పదడుగులు జారి పక్కకి ఒరిగాడు. మేనల్లుడు ఆ చిన్న వాలులోనే పదిహేను ఇరవైసార్లు ఎక్కి దిగాడు. ప్రతిసారీ కొత్త గీత గీశాడు. అతని మొహంలో ముందురోజు ముడి లేదు. సాయంత్రం తనే వెళ్లి గైడు చేతిలో రోజు కూలి మీద కొంత ఎక్కువ పెట్టాడు. ఈసారి ఆయన తీసుకున్నాడు.

మేము చికిటి చేరాక, ఫిబ్రవరి 22న టీవీలో వార్త వచ్చింది. అఫర్వట్ వైపు మంచుచరియ విరిగిపడింది, విదేశీ స్కీయర్లు చిక్కుకున్నారు, రష్యన్ ఒకతను చనిపోయాడు. అదే రోజుల్లో కింద ఖేలో ఇండియా పోటీలు జరుగుతున్నాయి. అంతకు ముందు ఏడాది, 2023 ఫిబ్రవరి 1న, అక్కడే ఇద్దరు పోలండ్‌వాళ్లు ఇలాగే పోయారు. వాళ్లు మనలాగా మొదటిసారి మంచు చూసినవాళ్లు కారు. మేనల్లుడు బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. "మావయ్యా, చూశావా?" అన్నాడు. మావయ్య "చూశాను బాబూ" అన్నాడు. ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు మన ప్రయాణం సంగతి. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర 26 మంది ప్రాణాలు పోయాయి, వాళ్లలో ఒడిశావాళ్లూ తెలుగువాళ్లూ ఉన్నారు. ఇళ్లలో భయం ఉండటం సహజం. ప్రభుత్వం అప్పటికి ఏం చెబుతుందో చూసి, ఇష్టమున్నవాళ్లే పేర్లివ్వాలి, ఎవరినీ బలవంతపెట్టకూడదు. వెళ్తే సంక్రాంతికి కాకుండా జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మూడో వారం లోపల పెట్టుకుందాం. గుల్మార్గ్‌లో రెండు రాత్రులు చాలవు, నాలుగైదు ఉంటేనే ఒక్క మంచి పొద్దుటైనా దొరుకుతుంది. తేదీ మార్చుకోగల టికెట్లే తీద్దాం. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా గొండోలా రెండో దశ ఎక్కొద్దు, మొదటి దశలోనే కావలసినంత మంచు ఉంటుంది. నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఉన్నివి పొరలుగా వేసుకోవాలి. నల్ల కళ్లద్దాలు తప్పనిసరి, తెల్లటి మంచు మీద ఎండ కళ్లని కాల్చేస్తుంది. మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచెయ్యవు, ఇంటికొకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

వీటన్నిటికంటే ముందు ఒక నియమం రాసుకుందాం. స్థానిక గైడు 'ఈరోజు కాదు' అంటే దానిమీద చర్చ లేదు, బేరం లేదు, ఎంత డబ్బు కట్టినా సరే. ఈ ఒక్కదానికీ ఒప్పుకున్నవాళ్లే పేర్లివ్వండి. దసరా లోపల చెబితే బండ్లు, గదులు మాట్లాడొచ్చు.

ఆ గైడు నంబరు మా దగ్గర ఉంది. కొత్త మంచు పడిన ప్రతిసారీ ఫొటో పంపి 'నౌ షీన్ ముబారక్' అని పెడతాడు. మన దగ్గర తొలకరి పడినప్పుడు మేము తడిసిన పొలం ఫొటో పంపుతాం. మొన్న కొడుకు కాలేజీ పూర్తయిందని పంపాడు. బండి ఇంకా ఆయన దగ్గరే ఉందట.

మీ ప్రశ్నలుంటే కింద రాయండి, తెలిసినంతవరకు చెబుతాం.

చికిటి నుంచి మీ నాలుగు కుటుంబాలవాళ్లం.